గదిలో లైట్ల కింద మొక్కలు: ఏది పెంచొచ్చు, ఏది పెంచితే జైలు?

సింగరాయకొండ: మేడ మీద ఒక గది ఖాళీగా ఉంది. డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్న కొడుకు ఒక రోజు అడుగుతాడు: "అబ్బా, ఆ గదిలో లైట్లు పెట్టి మొక్కలు పెంచుతా. ఎండ అక్కర్లేదు, పొలం అక్కర్లేదు. ఇరవై ముప్పై వేలు ఉంటే చాలు." ఫోన్‌లో వీడియో చూపిస్తాడు. నల్లటి టెంటు, లోపల గులాబీ రంగు లైటు, కింద గుబురుగా పచ్చటి మొక్కలు. అమ్మీకి ముచ్చటేస్తుంది. నాన్న డబ్బు సంగతి ఆలోచిస్తాడు. ఆ వీడియోలో ఉన్నది ఏం మొక్క అని మాత్రం ఎవరూ అడగరు.

ముందు అడగాల్సింది అదే. ఇంటర్నెట్‌లో "గది లోపల తొలి సాగు" అంటూ కనిపించే వీడియోల్లో చాలావరకు గంజాయి మొక్కవే. అవి తీసినవాళ్లు కెనడాలోనో, అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లోనో ఉంటారు. కెనడాలో 2018 అక్టోబర్ 17 నుంచి చాలా రాష్ట్రాల్లో ఇంటికి నాలుగు మొక్కల దాకా పెంచుకోవచ్చు. జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దవాళ్లు మూడు మొక్కలు పెంచుకోవచ్చు. అక్కడి వీడియో చూసి ఇక్కడ అదే పని చేస్తే మాత్రం సంగతి వేరు. అందుకే చట్టం ఏమంటుందో ముందు చూద్దాం. ఆ తర్వాత పుదీనా, మెంతి లాంటి మామూలు మొక్కలకి గదిలో వెలుతురు, చోటు ఎలా లెక్కేసుకోవాలో చూద్దాం.

మన దగ్గర ఇలా జరిగిందా?

జరిగింది. 2017 మార్చిలో హైదరాబాద్ మణికొండలో ఒక అపార్ట్‌మెంట్ ఫ్లాట్‌లో దాదాపు 40 కుండీల్లో పెరుగుతున్న గంజాయి మొక్కల్ని పోలీసులు పట్టుకున్నారు. లైట్లు, ఫ్యాన్లు పెట్టి ఫ్లాట్‌నే తోటలా మార్చేశారు. 2023 జూన్‌లో కర్ణాటకలోని శివమొగ్గలో ఇలాంటి కేసే బయటపడింది. అక్కడ అరెస్టయినవాళ్లు వైద్య విద్యార్థులు. అద్దె ఇంట్లో టెంటు, లైట్లు, ఫ్యాను పెట్టుకుని పెంచారు. ఇంకొన్నేళ్లలో డాక్టర్లు కావాల్సిన పిల్లలు కేసులో ముద్దాయిలయ్యారు.

రెండు చోట్లా మొక్కలు ఉన్నది అడవిలో కాదు, పొలంలో కాదు. మామూలు కుటుంబాలు ఉండే ఇళ్ల మధ్యే.

ఒక్క మొక్కే కదా అంటే?

మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం, 1985 నవంబర్ 14 నుంచి అమల్లో ఉంది. అందులో 20వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా గంజాయి మొక్క సాగు చేస్తే పదేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. దగ్గర ఉంచుకున్న గంజాయికి తూకం లెక్క ఉంది. కిలో వరకు చిన్న మొత్తం, 20 కిలోలు దాటితే వాణిజ్య మొత్తం. దాన్నిబట్టి శిక్ష మారుతుంది. సాగుకి మాత్రం అలాంటి తూకం లేదు. ఇన్ని మొక్కల లోపైతే ఫర్వాలేదు అనే మినహాయింపు చట్టంలో ఎక్కడా లేదు. కుండీలో ఒక్కటి ఉన్నా సాగే.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఆన్‌లైన్‌లో హెంప్ గింజలు, హెంప్ నూనె బహిరంగంగానే అమ్ముతున్నారు. తినే సరుకుగా వీటిని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2021లో అనుమతించింది. గంజాయి అనే మాటకి చట్టం ఇచ్చిన అర్థంలో కూడా పూత, కాయ ఉన్న కొసలే వస్తాయి. వాటితో కలవని గింజ, ఆకు అందులోకి రావు. అంతమాత్రాన ఆ గింజని కుండీలో నాటొచ్చని కాదు. గింజ కొనడం వేరు, నాటి మొక్క చేయడం వేరు. మొలిచి మొక్కయితే అది గంజాయి జాతి మొక్కే, లైసెన్స్ లేకపోతే నేరమే. నార కోసం, గింజ కోసం పారిశ్రామికంగా సాగు చేయడానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వొచ్చని 14వ సెక్షన్‌లో ఉంది. ఉత్తరాఖండ్ ఆ దారిలో లైసెన్సులు ఇచ్చింది. అది ప్రభుత్వం రాసిచ్చే అనుమతి, మన ఇంట్లో మనం అనుకుంటే వచ్చేది కాదు.

ఈ ప్రాంతం రైతులకి ఇది అర్థం కాని సంగతేం కాదు. టంగుటూరు, కొండపి చుట్టుపక్కల వర్జీనియా పొగాకు వేసేవాళ్లు పొగాకు బోర్డులో రిజిస్టర్ చేసుకోవాలి, బ్యారన్‌కి లైసెన్సు ఉండాలి. గుంటూరు కేంద్రంగా ఆ బోర్డు 1976 నుంచి పనిచేస్తోంది. మన పొలం, మన విత్తనం, మన కష్టం అయినా కొన్ని పంటలకి కాగితం కావాల్సిందే. పొగాకుకి ఆ కాగితం ఇక్కడే దొరుకుతుంది. గంజాయికి దొరకదు. తేడా అంతే.

ఇల్లు నాన్న పేరు మీద ఉంటే?

అసలు చిక్కు ఇక్కడే. అదే చట్టంలో 25వ సెక్షన్ ఉంది. ఇంటి యజమాని గానీ, ఆ ఇంట్లో ఉంటున్నవాళ్లు గానీ, ఆ గది ఎవరి చేతిలో ఉందో వాళ్లు గానీ, తెలిసి కూడా నేరానికి ఆ చోటు వాడుకోనిస్తే, ఆ నేరానికి ఉన్న శిక్షే వాళ్లకీ పడుతుంది. "నేను పెంచలేదు, మా వాడు పెంచాడు" అనే మాట ఒక్కటే సరిపోదు. తెలుసా తెలియదా అన్నది కోర్టులో తేలాలి. అది తేలేలోగా అరెస్టు, బెయిలు, లాయరు ఫీజు, ఇంటి పరువు, పాస్‌పోర్టు వెరిఫికేషన్, ఇంట్లో ఆడపిల్ల సంబంధం, అన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. గల్ఫ్ వీసా కోసం ఎదురుచూసే ఇంట్లో ఒక్క ఎఫ్‌ఐఆర్ చాలు.

అద్దెకిచ్చిన ఇళ్ల యజమానులకీ ఇదే వర్తిస్తుంది. పొలం ఉన్నవాళ్లకి 46వ సెక్షన్ ఉంది. తమ భూమిలో ఎవరైనా గంజాయి మొక్క వేసినట్టు తెలిస్తే వెంటనే పోలీసులకో, సంబంధిత అధికారులకో చెప్పాలి. తెలిసీ చెప్పకపోతే అదీ తప్పే. మిరప చేను, పత్తి చేను కౌలుకిచ్చి ఊళ్లో ఉండని వాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

పిల్లవాడు అలవాటు పడి ఉంటే?

అప్పుడు తిట్టడం కన్నా ముందు దారి చూడాలి. 64ఏ సెక్షన్ ప్రకారం, వాడకం కేసులోనో చిన్న మొత్తం కేసులోనో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకి ముందుకొస్తే ఆ కేసులో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఈ వెసులుబాటు సాగు కేసుకి లేదు. వ్యసనం మానడానికి సలహా కోసం కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446. గంజాయి సమాచారం ఇవ్వడానికి రాష్ట్రంలో ఈగల్ విభాగం నంబర్ 1972, జాతీయ నంబర్ 1933.

సరే, మంచి మొక్కలే పెంచుతా అంటే?

మంచిదే. గదిలో లైటు కింద మొక్కలు పెంచడంలో తప్పేం లేదు. పుదీనా, మెంతి, కొత్తిమీర, చిట్టి మొలక ఆకులు అంటే మైక్రోగ్రీన్స్, మిరప నారు కూడా పెంచొచ్చు. లైటు కొనే ముందు లెక్క చూసుకోవాలి. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

వెలుతురు ఎంత కావాలి?

మన కంటికి వెలుగ్గా కనిపించేది మొక్కకి చీకటి కావచ్చు. రాత్రి ట్యూబ్‌లైటు వేసిన గదిలో వెలుతురు 100 నుంచి 300 లక్స్ ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో దాదాపు లక్ష లక్స్. మొలక ఆకులకి ఐదు నుంచి ఎనిమిది వేల లక్స్ చాలు. పుదీనా, మెంతి ఆకు దట్టంగా రావాలంటే 12 నుంచి 15 వేలు కావాలి. అది కూడా రోజుకి 14 నుంచి 16 గంటలు. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసుకుని ఆకు ఉండే ఎత్తులో ఫోన్ పెట్టి చూస్తే ఉజ్జాయింపుగా తెలుస్తుంది.

ఒక అర లెక్క చూద్దాం. నాలుగు అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. అంటే ఎనిమిది చదరపు అడుగులు, ముప్పావు చదరపు మీటరు. మామూలు 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబ్ ఒకటి దాదాపు 2,000 ల్యూమెన్లు ఇస్తుంది. నాలుగు ట్యూబులు పెడితే 8,000. మొత్తం ఆ అర మీదే పడితే 10,700 లక్స్ రావాలి. కొంత పక్కలకి పోతుంది కాబట్టి ఏడెనిమిది వేలే మిగులుతుంది. మొలక ఆకులకి ఇది సరిపోతుంది. పుదీనా బతుకుతుంది గానీ సన్నగా, పొడుగ్గా సాగుతుంది.

మొక్కల కోసమే తయారు చేసిన మంచి ఎల్‌ఈడీ ప్యానెల్ అయితే అదే 80 వాట్లకి 14 వేల లక్స్‌కి సమానమైన వెలుతురు ఇవ్వగలదు. కొనేటప్పుడు డబ్బా మీద రాసిన "1000 వాట్లు" చూసి మోసపోవద్దు. అది పాతకాలం బల్బుతో పోల్చి రాసే అంకె. గోడ సాకెట్ నుంచి నిజంగా ఎన్ని వాట్లు లాగుతుందో అడగాలి. ఇంకో సంగతి, గులాబీ లైటే కావాలని లేదు. తెల్ల ఎల్‌ఈడీలో మొక్కకి కావాల్సిన రంగులు ఉంటాయి. పైగా తెల్ల లైటులో ఆకు మీద మచ్చ వస్తే మనకి కనిపిస్తుంది. గులాబీ లైటులో కనిపించదు.

లైటు ఆకుకి ఆరు నుంచి పన్నెండు అంగుళాల ఎత్తులో ఉండాలి. ఎత్తు పెరిగేకొద్దీ వెలుతురు తగ్గిపోతుంది. మొక్క మెడ సాచినట్టు పొడుగ్గా పోతుంటే లైటు దూరమైందని అర్థం. ఆకు కొసలు తెల్లబడి ముడుచుకుంటే బాగా దగ్గరైందని అర్థం. రాత్రి చీకటి కూడా కావాలి. 24 గంటలూ వెలిగించడం వల్ల కరెంటు ఖర్చే తప్ప లాభం లేదు. చిన్న టైమర్ పెట్టేస్తే ఫజర్‌కి వెలిగి, ఇషా అయ్యేసరికి ఆరిపోతుంది. ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

చోటు ఎలా చూసుకోవాలి?

ఆరడుగుల ఎత్తు ఇనుప ర్యాక్ తీసుకుంటే మూడు అరలు హాయిగా వస్తాయి. అరకి అరకి మధ్య 18 అంగుళాలు ఉంచాలి. కింది అర నేలకి అడుగు ఎత్తులో ఉంటే ఊడ్చుకోవడం సులువు. ర్యాక్ ముందు కనీసం రెండడుగులు ఖాళీ ఉండాలి. లేకపోతే వెనక ట్రేకి చెయ్యి అందదు, నీళ్లు అందని మొక్కే ముందు ఎండుతుంది. ర్యాక్‌ని గోడకి ఆనించకుండా అరడుగు ఎడం ఉంచితే గోడకి చెమ్మ పట్టదు.

పడుకునే గది వద్దు. తడి మట్టి, ఆకుల చెమ్మ వల్ల బూజు పడుతుంది. దమ్ము ఉన్న పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే ఇబ్బంది. వంటగది పక్కన వసారా, మెట్ల కింద చోటు, మేడ గది అయితే మేలు. కిటికీ ఉన్న గదైతే ర్యాక్‌ని కిటికీ దగ్గరే పెట్టాలి. కిటికీ పక్కన పగలు వెయ్యి నుంచి ఐదు వేల లక్స్ ఊరికే వస్తుంది. అంతమేరకి కరెంటు మిగులుతుంది.

సింగరాయకొండ సముద్రానికి దగ్గర. పాకల వైపు నుంచి వచ్చే గాలిలో చెమ్మ ఎక్కువ. ఎండాకాలం రేకుల గది అయితే పొయ్యిలా ఉంటుంది. లైటు లాగే ప్రతి వాటూ చివరికి గదిలో వేడిగానే మారుతుంది. అందుకే చిన్న టేబుల్ ఫ్యాన్ ఒకటి తిరుగుతూ ఉండాలి, కిటికీ తెరిచి ఉండాలి. కొత్తిమీరకి వేడి పడదు, మే నెలలో మొలకే సరిగా రాదు, వచ్చినా తొందరగా పూతకి పోతుంది. పుదీనా వేడికి కాస్త ఓర్చుకుంటుంది. తొలిసారి వేసేవాళ్లు నవంబర్‌లో మొదలుపెడితే తప్పులు చేసినా మొక్క ఓర్చుకుంటుంది.

నీళ్లు, కరెంటు ఒకే చోట

ఇది తమాషా విషయం కాదు. తడి చేత్తో ప్లగ్గు ముట్టుకుని ప్రాణాలు పోయిన ఇళ్లు ఉన్నాయి. ఆ గది లైనుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పకుండా ఉండాలి. ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. ప్లగ్గులు ట్రేలకన్నా ఎత్తులో ఉండాలి. వైరు సాకెట్‌లోకి వెళ్లే ముందు కిందికి వంపు తిరిగి పైకి వెళ్లాలి. అప్పుడు వైరు మీద జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడుతుంది, సాకెట్‌లోకి పోదు. ఒకే మల్టీప్లగ్‌కి లైట్లు, ఫ్యాను, మోటారు అన్నీ తగిలించొద్దు.

డబ్బు లెక్క

80 వాట్ల లైటు రోజుకి 16 గంటలు వెలిగితే 1.28 యూనిట్లు. నెలకి 38 యూనిట్లు. మూడు అరలకి 115 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలు అనుకుంటే నెలకి 690 రూపాయలు. అసలు దెబ్బ ఇక్కడుంది: ఇంటికి ఇప్పటికే 120 యూనిట్లు కాలుతుంటే ఈ 115 పైన కలిసి పై స్లాబులోకి వెళ్తాయి. ఆ యూనిట్లకి రేటు ఎక్కువ. అమ్మడం మొదలుపెడితే ఇంటి మీటరు మీదే చేయొచ్చా, కేటగిరీ మార్చుకోవాలా అని ముందే సీపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడు నిజాయితీగా ఒక మాట. చలికాలంలో బజార్లో పుదీనా కట్ట, కొత్తిమీర కట్ట ఎంత చవకో అందరికీ తెలుసు. పొలంలో ఎండ ఊరికే వస్తుంది. మనం ఎండని కరెంటుతో కొంటున్నాం. అందుకే ఆ ఆకుకూరల్ని లైటు కింద పెంచి మార్కెట్ ధరకి అమ్మితే మిగిలేది తక్కువ. ఇంట్లోకి, రంజాన్ నెలలో ఇఫ్తార్ చట్నీకి, పక్కింటివాళ్లకి అంటే బాగుంటుంది. వ్యాపారం అంటే మొలక ఆకులు కాస్త నయం. ఆవాలు, మెంతులు, ముల్లంగి గింజలు ట్రేలో చల్లితే వారం నుంచి రెండు వారాల్లో కోతకి వస్తాయి. కానీ కొనేవాళ్లు ముందు దొరకాలి. ఒంగోలులో హోటళ్లని, జిమ్ములని అడిగి, వారానికి ఎన్ని డబ్బాలు తీసుకుంటారో మాట తీసుకున్నాకే రెండో ర్యాక్ కొనాలి.

ఇంకో దారి, మిరప నారు. ఈ జిల్లాల్లో మిరప విత్తనం ఖరీదు రైతులకి తెలుసు. 98 గుంతల ట్రేల్లో కొబ్బరి పొట్టు నింపి, గుంతకి ఒక గింజ వేసి, షేడ్‌నెట్ కింద పెంచితే ఐదారు వారాల్లో నారు సిద్ధం. దీనికి గది అక్కర్లేదు, లైటు అక్కర్లేదు. మేడ మీద నెట్టు చాలు. ఎండ పడే మేడ ఉన్నవాళ్లు లైట్ల మీద డబ్బు పెట్టే ముందు ఇది ఆలోచించాలి. లైటు అనేది ఎండ రాని ఇంటికే.

మొదటిసారికి ఎంతలో ఆపాలి?

ఒక్క అర. నాలుగు ట్యూబులు, ఒక టైమర్, ఒక చిన్న ఫ్యాను, నాలుగు ట్రేలు. మూడు నెలలు చూడాలి. కరెంటు బిల్లు ఎంత పెరిగింది, ఎన్ని ట్రేలు పాడయ్యాయి, ఎంత అమ్ముడైంది ఒక నోటుబుక్కులో రాయాలి. లెక్క కుదిరితే రెండో అర. అమ్మీ గాజులు బ్యాంకులో పెట్టి మొదటి రోజే గదంతా నింపేయొద్దు.

గది తలుపు ఎప్పుడూ తీసే ఉండాలి. పుదీనా పెంచేవాడికి తాళం అక్కర్లేదు. కిటికీకి నల్ల కాగితం అతికించనక్కర్లేదు. పార్సిల్ వస్తే దాచుకునే పని లేదు. ఇంట్లో ఎవరూ లోపలికి రావద్దని కొడుకు అంటున్నాడంటే, అక్కడ పెరిగేది పుదీనా కాదేమోనని ఒకసారి చూసి రావాలి. ఆ గదిలోకి వెళ్లి, మొక్క పేరు అడిగి, ఆకు తుంచి వాసన చూసే హక్కు ఇంటి పెద్దలకి ఉంది. కేసైతే ఆ గది ఎవరిదని ముందు వాళ్లనే అడుగుతారు కాబట్టి, అది బాధ్యత కూడా.